పాలించే హక్కు లేనివారి పదవులు: మధ్యయుగ వెనిస్ సోదర సంఘాలు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. 1297 దగ్గర మొదలుపెడదాం. ఆ సంవత్సరం వెనిస్‌లో పియెత్రో గ్రదెనీగో డోజ్‌గా ఉన్నాడు. డోజ్ అంటే ఆ రిపబ్లిక్‌కు అధిపతి. రాజు కాదు, ఎన్నికైనవాడు, బతికున్నంతకాలం పదవిలో ఉంటాడు. ఆయన హయాంలో ఒక చట్టం వచ్చింది. గత నాలుగేళ్లలో మహామండలిలో, అంటే నగరాన్ని పాలించే పెద్ద సభలో, కూర్చున్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా నలభైమంది మండలి ముందు పెట్టాలి, పన్నెండు ఓట్లు పడితే చాలు, ఆ మనిషి మళ్లీ సభ్యుడు. వినడానికి ఎంత సాదాగా ఉందో చూడండి. బయటివాళ్లకు ఆ రోజే తలుపు మూసెయ్యలేదు. కానీ తర్వాత పాతికేళ్లలో ఒక్కొక్క బిగింపూ బిగించుకుంటూ పోయారు. చివరికి లెక్క ఎక్కడికొచ్చిందంటే, తండ్రి మహామండలి వంశంవాడైతేనే కొడుకు మహామండలి సభ్యుడు. అంతే.

అంటే ఏమైంది? దాదాపు లక్ష జనాభా ఉన్న నగరంలో నూటికి నలుగురైదుగురున్న కుటుంబాలు పాలకవర్గం అయిపోయాయి. డోజ్ పదవి, రాయబారాలు, నౌకాదళ నాయకత్వం, న్యాయస్థానాలు, అన్నీ వాళ్లవే. ఇంతవరకు చాలామందికి తెలిసిన చరిత్రే. నేను మీ ముందు పెట్టదలచుకున్న ప్రశ్న వేరు. మిగిలిన డబ్బున్నవాళ్లు ఏం చేశారు? ఓడల్లో సరుకు వేసేవాళ్లు, పట్టు వ్యాపారులు, వైద్యులు, నోటరీలు, ప్రభుత్వ కచేరీల్లో రాతపని చేసేవాళ్లు. వీళ్లను చిత్తదీని అనేవారు, అంటే పౌరులు. ఈ మాట నగరంలో ఉన్న అందరికీ వర్తించదు, అదొక హోదా. డబ్బుంది, చదువుంది, ఊళ్లో పరువుంది, మహామండలిలో మాత్రం ఓటు లేదు. వాళ్ల పిల్లలకూ రాదు. వీళ్లెందుకు తిరగబడలేదు?

1310లో ఒక కుట్ర జరిగింది, నిజమే. బజమోంతె త్యెపోలో కుట్ర. కానీ దాన్ని నడిపిన పెద్దలెవరు? ప్రభువంశాలవాళ్లే, అంటే మహామండలి కుటుంబాలవాళ్లే. పౌరులంతా ఒక వర్గంగా లేచిన తిరుగుబాటు మనకు కనబడదు. దీనికి కారణాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి సోదర సంఘాలు. ఇవాళ దాని గురించే.

వెనిస్‌లో వీటిని స్క్వోలా అనేవారు. పేరు చూసి బడి అనుకోకండి, ఇక్కడ పాఠాలేమీ ఉండవు. మామూలు గృహస్థులు, అంటే పెళ్లీ వ్యాపారమూ ఉన్నవాళ్లు, ఒక పునీతుడి పేరు మీద చేరిన సంఘం. 1260లో పెరూజా నగరంలో పశ్చాత్తాప ఉద్యమం ఒకటి లేచింది. జనం గుంపులుగా ఊరేగుతూ, చేసిన పాపాలకు శిక్షగా తమ వీపు మీద తామే కొరడాతో కొట్టుకునేవారు. అది ఇటలీ ఉత్తరభాగమంతా అంటుకుంది. వెనిస్‌లో ఆ ఏడే కరుణామాత పేర స్క్వోలా దెల్లా కరీతా పుట్టింది. మరుసటి ఏడు సాన్ మార్కో, సాన్ జొవాన్ని ఎవాంజెలిస్తా. 1308లో మిజెరికోర్దియా. ఆ తర్వాత చాలాకాలానికి, 1478లో, సాన్ రోక్కో. వీటిని తర్వాత స్క్వోలె గ్రాందీ, పెద్ద సంఘాలు అన్నారు. ఇవి కాక చేతిపనులవాళ్లవి, పేటలవాళ్లవి, జర్మన్లు అల్బేనియన్ల వంటి పరాయివాళ్లవి, చిన్న సంఘాలు చాలా ఉండేవి. వాటి జోలికి ఇవాళ పోను.

తేదీలు గమనించారా? సంఘాలు పుట్టింది 1260లో. మహామండలి మూత పడటం మొదలైంది 1297లో. మధ్యలో 37 ఏళ్లు. ఇది గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, చాలాచోట్ల ఒక వాదన వినబడుతుంది. ప్రభువులు తెలివిగా ఆలోచించి, పౌరుల నోళ్లు మూయించడానికి ఈ సంఘాలు పెట్టించారని. అది తప్పు. సంఘాలు భక్తితో పుట్టాయి, జనం పెట్టుకున్నారు. ప్రభువులు చేసిందల్లా ఉన్నదాన్ని చేతిలోకి తీసుకుని, కంచె వేసి, వాడుకోవడం. ఈ తేడా పోగొడితే ఆ సంఘాల్లో చేరినవాళ్ల విశ్వాసాన్ని మనం అవమానించినట్టే.

సరే, కంచె ఎలా వేశారు? 1310 కుట్ర అణిగిన వెంటనే పదిమంది మండలి అనేదొకటి పెట్టారు. మొదట తాత్కాలికంగా పెట్టి, 1335లో శాశ్వతం చేశారు. రాజ్యభద్రత దాని పని. కుట్రలు, గూఢచర్యం, దొంగనాణేలు చూసే ఆ మండలికే ఈ పెద్ద సోదర సంఘాల మీద అజమాయిషీ ఇచ్చారు. ప్రార్థన చేసుకునే సంఘాల మీద బిషప్పుకు కాదు, రాజ్యభద్రత చూసేవాళ్లకు అధికారం! దీన్నిబట్టే పాలకులు ఈ సంఘాలను ఏ కంటితో చూశారో అర్థం చేసుకోవచ్చు. అయిదారు వందలమంది మగవాళ్లు, ఒకే రంగు అంగీలు, ఒకే ప్రమాణం, ఒకే ఖజానా. ఏ ప్రభుత్వానికైనా నిద్రపడుతుందా చెప్పండి?

అందుకని సభ్యుల సంఖ్యకు పరిమితి పెట్టారు. ఒక్కో సంఘానికి 500 నుంచి 600 వరకు. ఆచరణలో దాటేవారు, ముఖ్యంగా ప్లేగు ఏళ్లలో. నియమావళిని మరియేగొలా అనేవారు. అందులో ఏ మార్పు రాసుకోవాలన్నా పైనుంచి అనుమతి కావాలి. చేరేటప్పుడు చేసే ప్రమాణంలో డోజ్‌కు, నగరానికి కీడు తలపెట్టనన్న మాట ఉండాల్సిందే. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇంకొకటుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి: ప్రభువంశంవాడు సంఘంలో సభ్యుడు కావచ్చు, పదవి మాత్రం పట్టకూడదు.

మళ్లీ చెబుతాను. మహామండలిలో కూర్చునేవాడికి సంఘంలో పదవి లేదు. సంఘంలో పదవి పట్టేవాడికి మహామండలిలో చోటు లేదు. ప్రభువులు గౌరవసభ్యులుగా చేరేవారు, కానుకలిచ్చేవారు, సభ్యులు కొరడాతో కొట్టుకోవాలన్న నియమం వాళ్లకు లేదు. ఊరేగింపులో వాళ్ల పేరు సంఘానికి అలంకారం. లెక్కలపుస్తకం, తాళంచెవి మాత్రం పౌరుల దగ్గర.

ఆ పదవులేమిటో, ఎవరేం చేసేవారో కొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. పైన గ్వార్దియన్ గ్రాందె, సంఘాధిపతి. ఆయనకు సహాయంగా వికారియో. గ్వార్దియన్ దా మతీన్ అని ఒకాయన, ఊరేగింపుల ఏర్పాట్లన్నీ ఈయనవి. ఎవరు ముందు, ఎవరు వెనక, కొవ్వొత్తులెన్ని, గొడుగు ఎవరు పట్టాలి. స్క్రివాన్, అంటే లేఖకుడు, సభ్యుల పట్టీ, జమాఖర్చులు రాసేవాడు. వీళ్లు నలుగురు. తర్వాత దెగాని అని 12 మంది. వెనిస్ నగరం ఆరు పేటలు. పేటల వారీగా తిరిగి ఎవరు జబ్బుపడ్డారు, ఎవరింట్లో తిండి లేదు, ఏ సభ్యుడి కూతురు పెళ్లికెదిగింది అని కనుక్కునేది ఈ 12 మంది. మొత్తం 16 మంది కలిస్తే బాంకా, కార్యవర్గం. పదవి ఒక్క ఏడాదే. దిగిపోయాక కొన్నాళ్లు ఆగితేగాని మళ్లీ నిలబడకూడదు.

ఎన్నిక ఎలా? చేతులెత్తడం లేదు, కేకలు లేవు. పేరు చదువుతారు, పెట్టె తిప్పుతారు, ప్రతివాడూ ఒక గోళీ వేస్తాడు. అవునంటే ఒక పెట్టెలో, కాదంటే ఇంకో పెట్టెలో. మహామండలిలో గోళీలు బట్టవి వాడేవారు, ఏ పెట్టెలో పడిందో చప్పుడు వినబడకుండా. సంఘాలూ ఆ పద్ధతే పట్టాయి. ఇప్పుడు ఆలోచించండి. మహామండలి మెట్లెక్కే హక్కు లేని ఒక పట్టు వ్యాపారి ఇక్కడికొచ్చి అదే తీరులో ఓటు వేస్తున్నాడు, అదే తీరులో ఎన్నికవుతున్నాడు, ఏడాదిపాటు వందలమందికి పెద్దగా ఉంటున్నాడు, ఆస్తులు చూస్తున్నాడు, తగువులు తీరుస్తున్నాడు. పండగనాడు సాన్ మార్కో చౌకులో డోజ్ ముందు నుంచి తన సంఘాన్ని నడిపించుకుంటూ వెళ్తున్నాడు. రిపబ్లిక్ అతన్ని లోపలికి రానివ్వలేదు. కానీ రిపబ్లిక్ నమూనాలోనే అతనికొక సంస్థ ఉంది.

ఆ ఊరేగింపు ఎలా ఉండేదో చూడాలంటే ఒక బొమ్మ ఉంది. జెంతీలె బెల్లీని 1496లో వేసింది. ఏడు మీటర్లు దాటిన వెడల్పు. సాన్ జొవాన్ని సంఘంవాళ్లు వేయించుకున్నారు. ఏప్రిల్ 25, సాన్ మార్కో పండగ. బొమ్మలో మనకు దగ్గరగా, ముందువరసలో ఎవరున్నారు? తెల్ల అంగీలు వేసుకున్న సంఘసభ్యులు, చేతుల్లో నిలువెత్తు కొవ్వొత్తులు. మధ్యలో పందిరి పట్టి, దానికింద సిలువ ముక్క, అంటే ఏసును వేసిన సిలువలోదని వాళ్లు నమ్మిన ముక్క, ఉన్న భరిణె మోస్తున్నారు. పందిరి దాటగానే ఎర్ర బట్టల్లో ఒకాయన మోకాళ్ల మీద ఉన్నాడు, సరిగ్గా చూస్తే తప్ప కనబడడు. బ్రెస్చా ఊరి వ్యాపారి, కొడుకు తల పగిలి చావుబతుకుల్లో ఉంటే మొక్కుకుంటున్నాడు. మరి డోజ్ ఎక్కడ? కుడిచేతి వైపు, దూరంగా, వరసలో చిన్నగా. నగరాధిపతి చిన్నగా, సంఘసభ్యులు పెద్దగా! బొమ్మకు డబ్బిచ్చింది ఎవరో మనకు తెలుసు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. కానీ అలా వేయించుకుని సొంత గోడకు తగిలించుకునే ధైర్యం వాళ్లకుంది, దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అది గమనించాలి.

ఆ సిలువ ముక్క సంగతి కూడా చెప్పాలి. 1369లో సైప్రస్ రాజ్యపు ఛాన్సలర్ ఫిలిప్ ద మెజియేర్ దాన్ని ఈ సంఘానికి కానుకగా ఇచ్చాడు. అందుకున్న గ్వార్దియన్ గ్రాందె పేరు ఆంద్రేయా వెంద్రమీన్, వ్యాపారి. ఒకసారి ఊరేగింపులో సాన్ లొరెంజో వంతెన మీద తోపులాటలో భరిణె కాలవలో పడిందట, మునగకుండా తేలిందట, ఎవరు దూకినా చేతికి చిక్కలేదట, వెంద్రమీన్ దూకితేనే చిక్కిందట. ఇది సంఘం చెప్పుకున్న కథ. అద్భుతం జరిగిందా లేదా అన్నది నేను తేల్చను. అద్భుతం ఎవరి చేతికి దక్కిందన్నది చూడండి. మతగురువుకు కాదు, ప్రభువుకు కాదు, ఎన్నికైన సంఘాధిపతికి.

ఆ తర్వాత 1379, 80ల్లో జెనోవాతో కియోజ్జా యుద్ధం వచ్చింది. శత్రువు గుమ్మం దాకా వచ్చాడు. డబ్బు, మనుషులు, ఓడలు ఎవరిస్తే వాళ్లను గుర్తుంచుకుంటామని ప్రభుత్వం మాటిచ్చింది. 1381లో 30 కుటుంబాలకు ప్రభుహోదా ఇచ్చి మహామండలిలోకి తీసుకుంది. వాటిలో వెంద్రమీన్ కుటుంబం ఒకటి. 1476లో ఆ వంశం నుంచే, అదే పేరుగల ఆంద్రేయా వెంద్రమీన్ డోజ్ అయ్యాడు. సంఘాధిపతి గద్దె నుంచి డోజ్ గద్దెకు నూరేళ్ల ప్రయాణం. ఇది చూపించి, చూశారా దారి తెరిచే ఉందనేవాళ్లున్నారు. దారి తెరిచింది యుద్ధం, అది కూడా ఒక్కసారి. సంఘంలో పదవి వల్ల పేరొచ్చింది, హోదా రాలేదు.

ఇప్పుడు డబ్బు దగ్గరికొద్దాం. సంఘానికి ఆదాయం ఎక్కణ్ణుంచి? చేరేటప్పుడు కట్టే రుసుము, ఏటేటా చందా, ఇవి చిన్నవి. పెద్ద ఆదాయం వీలునామాలది. చచ్చిపోయేవాడు ఒక ఇల్లో, కొంత సొమ్మో రాసేవాడు. దానికి షరతులు. ఏటా నా ఆత్మకోసం ఇన్ని పూజలు, ఇంతమంది పేద ఆడపిల్లలకు కట్నం, ఇంతమంది ముసలి సభ్యులకు ఉచితంగా ఇల్లు. 1348 ప్లేగు తర్వాత ఇలాంటివి పోటెత్తాయి. షరతు రాసిన సొమ్ము సంఘానికి సొంతం కాదు, దానికి సంఘం ధర్మకర్త మాత్రమే. ఇలాంటివి పదులకొద్దీ, ఒక్కోదానికి ఒక్కో లెక్క.

ఎక్కడ చెడింది? మొదటిది, ఆ సొమ్ము ఎక్కడ పెట్టారన్నది. వెనిస్ ప్రభుత్వం డబ్బున్నవాళ్ల దగ్గర బలవంతపు అప్పు తీసుకునేది, దానికి ఏటా 5 శాతం వడ్డీ ఇచ్చేది. ఆ అప్పుపత్రాలు కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. దానధర్మాల సొమ్ము పెట్టడానికి ఇంతకంటే భద్రమైనది లేదనుకున్నారు. కియోజ్జా యుద్ధంలో వడ్డీ ఆగింది. నూరు రూపాయల పత్రం అనుకోండి, బజారులో 18కి పడిపోయింది. కట్నం ఎంతని వీలునామాలో రాసి ఉంది, వడ్డీ మాత్రం రావడం లేదు. ఇప్పుడు చెప్పండి, ఆ పిల్ల పెళ్లి ఎవరు చెయ్యాలి? ప్రభువులు చేసిన యుద్ధం ఖర్చు ఇలా తిరిగితిరిగి ఓటులేని పేద సభ్యుడి కూతురి మీద పడింది. సంఘాలకు ప్రభుత్వంతో ఉన్న ముడి ఊరేగింపుల్లో కంటే ఈ అప్పుపత్రాల్లో గట్టిగా కనబడుతుంది.

రెండోది కట్టడాల పిచ్చి. 1485లో సాన్ మార్కో సంఘభవనం కాలిపోయింది. తిరిగి కట్టడానికి పియెత్రో లొంబార్దో, మౌరో కొదూస్సి వంటివాళ్లను పెట్టారు. పాలరాతి ముఖద్వారం ఇప్పటికీ చూడొచ్చు, లోపల ఇప్పుడు ఆసుపత్రి నడుస్తోంది. ఆ సంఘం అంత కడితే ఈ సంఘం ఇంత కట్టాలి. పదవి ఏడాదే కాబట్టి గ్వార్దియన్ గ్రాందె తన ఏడాదిలో ఒక మెట్లవరసకో, బంగారు పైకప్పుకో పని మొదలుపెట్టేవాడు, బాకీ తర్వాతివాడి నెత్తిన పడేది. 1541లో వెనిస్ నగల వర్తకుడొకాయన పద్యాలు రాసి అచ్చువేయించాడు. సాన్ రోక్కో భవనం మీద 80 వేల డ్యూకట్లు, అంటే వెనిస్ బంగారు నాణేలు, పోశారే, 6 వేలతో సరిపోయేదే, మిగిలింది చలికి వణికే పేదలకివ్వొచ్చు కదా అని. పదిమంది మండలి ఖర్చు తగ్గించమని పదేపదే ఆజ్ఞలిచ్చింది. పదేపదే ఇవ్వాల్సి వచ్చిందంటే సంగతి మీకే తెలుస్తోంది.

మూడోది నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. సంఘంలో అందరూ సోదరులే. నియమావళిలో అలాగే ఉంది. మొదట్లో ధనికుడూ పేదవాడూ పక్కపక్కన నిలబడి వీపు మీద కొరడా వేసుకునేవారు. పదిహేనో శతాబ్దం చివరికొచ్చేసరికి సోదరులు రెండు రకాలయ్యారు. పదవులు పట్టేవాళ్లు, కొరడా పట్టేవాళ్లు. ధనికులకు కొరడా నియమం నుంచి మినహాయింపు. ఊరేగింపులో, సభ్యుల శవయాత్రల్లో నడిచి ఒళ్లు హూనం చేసుకోవాల్సింది పేదవాళ్లు. ఎందుకు వస్తారు? రాకపోతే ధర్మం ఆగిపోతుంది. ఉచిత ఇల్లు ఖాళీ అయితే పదిమంది పోటీ, కట్నానికి పోటీ, వాటికీ ఓటింగే. ఓటు వేసేది కార్యవర్గం. ఎవరి ఇంటిగుమ్మం ముందు నిలబడాలో పేదవాడికి తెలుసు. పదహారో శతాబ్దంలో ప్రభుత్వం యుద్ధనౌకలకు తెడ్లువేసే మనుషుల్ని సమకూర్చమని సంఘాలను అడిగింది. ఎవరిని పంపారు? ఈ పేద సోదరులనే. వెళ్లొస్తే ధర్మంలో, ఇళ్లలో మొదటి హక్కు మీదే అన్నారు. పౌరులకు పదవి ఇచ్చి ప్రభువులు శాంతిని కొన్నారని చరిత్రలు రాస్తారు. దాని ధర ఎవరు కట్టారన్నది కూడా రాయాలి.

ఫ్లోరెన్స్‌తో పోల్చి చూపిస్తాను, త్వరగా. అక్కడ ఇలాంటి గీత లేదు. నగరపాలక పదవికి అర్హుడైనవాడే సోదర సంఘంలోనూ పదవి పట్టొచ్చు. నగరపాలనలోనూ సంఘంలోనూ సంచిలో పేర్లు వేసి చీటీ తీయడమే పద్ధతి. ఓర్సాన్‌మికేలె సంఘానికి 1348 ప్లేగులో 3,50,000 ఫ్లోరిన్లు, అంటే ఫ్లోరెన్స్ బంగారు నాణేలు, వీలునామాల్లో వచ్చాయని ఆ కాలపు చరిత్రకారుడు విల్లానీ రాశాడు. అంత సొమ్ము మీద కూర్చున్న అధికారులు నగరరాజకీయాల్లో ఉన్నవాళ్లే. రాత్రిపూట తలుపులేసుకుని ప్రార్థించే సంఘాలుండేవి, లోపల ప్రార్థిస్తున్నారా, సంచుల్లో ఎవరి పేర్లుండాలో మాట్లాడుకుంటున్నారా? ఎలా తెలుస్తుంది? 1419లో ప్రభుత్వం భయపడి సంఘాలను రద్దుచేస్తూ ఆజ్ఞ ఇచ్చింది, పుస్తకాలు అప్పగించమంది. నిలబడలేదు, మళ్లీ పుట్టుకొచ్చాయి. తర్వాత ఆ నగరాన్ని చేతిలో పెట్టుకున్న బ్యాంకర్ల వంశం, మెదిచీ కుటుంబం, ఇంకో దారి పట్టింది. నిషేధించే బదులు తామే లోపల చేరిపోయారు. బాల ఏసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానుల పేరున్న సంఘం వాళ్ల చేతిలోకొచ్చింది, 1459లో మొదలుపెట్టి తమ ఇంటి గుడి గోడల మీద ఆ జ్ఞానుల ఊరేగింపును బెనోజ్జో గొజ్జోలి చేత వేయించుకున్నారు, అందులో తమ ముఖాలు పెట్టించుకున్నారు. లొరెంజో మెదిచీ ఒక్క సంఘంలో కాదు, చాలా సంఘాల్లో సభ్యుడు.

అందుకే నేనంటాను, సంఘం ఎంత భక్తిగలదన్నది కాదు చూడాల్సింది. ఖజానా తాళం ఎవరి దగ్గరుంది, ఆ మనిషికి బయట రాజకీయంలో ఓటుందా లేదా? వెనిస్‌లో లేదు. ఫ్లోరెన్స్‌లో ఉంది. మిగతా తేడాలు చాలావరకు అక్కణ్ణుంచే వచ్చాయి.

ఇంకొక్క మాట. వెనిస్ పౌరులకు సంఘాలొక్కటే దిక్కు అనుకోకండి. ప్రభుత్వ లేఖకశాల కూడా వాళ్లదే. 1478లో చట్టం చేసి ఆ ఉద్యోగాలను పుట్టుపౌరులకే కేటాయించారు. దానిపైన మహాఛాన్సలర్ ఉంటాడు, జీవితాంతం పదవి, రహస్యాలన్నీ తెలిసినవాడు, ఓటు మాత్రం లేనివాడు. పగలు లేఖకశాలలో, పండగనాడు సంఘంలో, ఇలా గడిచింది ఆ వర్గం జీవితం. 1381 తర్వాత మహామండలి తలుపు కొత్త వంశాలకు మళ్లీ పెద్దయెత్తున తెరుచుకుంది 1646లోనే. క్రీట్ ద్వీపం కోసం తురుష్కులతో యుద్ధం, ఖజానా ఖాళీ. అప్పుడు ప్రభుహోదాకు ధర కట్టారు, లక్ష డ్యూకట్లు. 60 వేలు కానుకగా, 40 వేలు అప్పుగా. కొన్నవాళ్లలో వ్యాపారులున్నారు, లాయర్లున్నారు, తరాలుగా సంఘాల్లో పదవులు పట్టిన పౌరకుటుంబాలవాళ్లూ ఉన్నారు.

ప్రశ్నలుంటే అడగండి.